మ్యాజిక్ కింగ్‌డమ్ విస్తరణ: నది పూడ్చిన చోట ఏ రైడ్లు వస్తాయి? మీ అంచనాలు చెప్పండి

గోదారి_పడవ · 10 జనవరి 2026, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. మేం టాంపాలో ఉంటాం. ఓర్లాండోలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ మాకు గంటంపావు, గంటన్నర ప్రయాణం. వార్షిక పాస్ ఉంది కాబట్టి ఏడాదికి ఏడెనిమిదిసార్లు వెళ్తాం.

నిరుడు వేసవిలో అమ్మానాన్న వచ్చారు. నాన్నకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. ఆ పార్కులో ఆయన రెండుసార్లు ఎక్కిన రైడ్ ఒక్కటే, లిబర్టీ బెల్ పడవ. మాది ధవళేశ్వరం దగ్గర ఊరు. చిన్నప్పుడు లాంచీల్లో తిరిగిన మనిషి. పైఅంతస్తులో రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "ఇది నిజం ఆవిరి ఇంజనే, కానీ సరంగు చుక్కాని తిప్పట్లేదురా" అన్నారు. నిజమే. నీళ్ల అడుగున పట్టా ఉండేది, పడవ దాని మీదే వెళ్లేది. మేం వెళ్లింది జూలై మొదటి వారం. జూలై 6 ఆ పడవకి ఆఖరి రోజు. 1971లో పార్కు తెరిచినప్పటి నుంచి ఉన్న కృత్రిమ నది, 1973లో తెరిచిన టామ్ సాయర్ ద్వీపం, పడవ, మూడూ ఆ రోజుతో పోయాయి.

అక్కడ ఇప్పుడు రెండు కొత్త ప్రాంతాలు కడుతున్నారు. 2024 ఆగస్టు నుంచి డిస్నీ చెప్పింది ఇంతవరకు: నది, ద్వీపం ఉన్న చోట పిక్సార్ ‘కార్స్’ సినిమాల ప్రపంచానికి చెందిన పిస్టన్ పీక్ అనే కొండల ప్రాంతం, అందులో రెండు రైడ్లు. ఒకటి ఆఫ్-రోడ్ ర్యాలీ, ఇంకోటి చిన్నపిల్లలది. బిగ్ థండర్ రోలర్ కోస్టర్ కొండకి అవతల డిస్నీ కథల విలన్లతో విలన్స్ ల్యాండ్, అందులో రెండు పెద్ద రైడ్లు. అవేమిటో చెప్పలేదు.

అంటే మొత్తం నాలుగు. ఇందులో మా నాన్న ఎక్కగలిగేది ఒక్కటైనా ఉంటుందా అన్నది నా ప్రశ్న. చిన్నపిల్లల కార్స్ రైడే అలాంటిది అవుతుందని నా నమ్మకం. మీరేమంటారు?

పట్టాల_పిచ్చి · 10 జనవరి, ఉదయం 9:40

అన్నా, ఆఫ్-రోడ్ రైడ్ గురించి నేను ఏడాదిగా ఆలోచిస్తున్నాను. నా లెక్క ఇది.

డిస్నీ వాళ్లు ఈ రైడ్ కోసం మోటోక్రాస్ ట్రాకులు కట్టేవాళ్లతో కలిసి మట్టి ట్రాక్ వేయించారు. ఎడారిలో ఆఫ్-రోడ్ బండ్లు నడిపి, సెన్సార్లు పెట్టి బండి ఎలా ఊగుతుందో, ఎక్కడ లేచి ఎక్కడ పడుతుందో కొలిచారు. ఈ కొలవడం చాలా ముఖ్యమైన విషయం. గుంతలున్న దారి వేసి దాని మీద బండి పోనిస్తే కొలతలు అంతగా అక్కర్లేదు. నున్నటి దారి మీద బండి పోతూ ఉంటే, సీట్లున్న పైభాగం మాత్రం కొండదారిలో పోతున్నట్టు ఊగాలి, అందుకే కొలిచి ఉంటారు.

ఇలాంటిది వాళ్ల దగ్గర ముందే ఉంది. 1995లో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో తెరిచిన ఇండియానా జోన్స్ రైడ్, 1998లో ఇక్కడి ఇంకో డిస్నీ పార్కు యానిమల్ కింగ్‌డమ్‌లో తెరిచిన డైనోసార్, రెండూ ఒకే రకం బండి. కింద చక్రాల చట్రం, దాని మీద హైడ్రాలిక్ జాకీలు, ఆపైన నాలుగేసి సీట్ల మూడు వరుసలు. బండి నిజంగా వెళ్లే వేగం తక్కువే. కానీ జాకీలు పైభాగాన్ని ముందుకీ వెనక్కీ పక్కలకీ వంచేసరికి మనకు లోయలో పడ్డట్టే ఉంటుంది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఆలోచనకి కొత్త తరం బండి రాబోతోందని నా అంచనా. ఈసారి ఆరుబయట, నిజమైన ఎత్తుపల్లాలతో కలిపి.

అదే నిజమైతే 40 అంగుళాల ఎత్తు హద్దు ఖాయం, అంతకన్నా పొట్టివాళ్లు ఎక్కలేరు. మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు ఎక్కకూడదన్న బోర్డూ ఖాయం. నాన్నగారిని దీనికి దూరంగానే ఉంచండి.

వైజాగ్_అల · 10 జనవరి, ఉదయం 11:05

మేం 2023లో డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులో కార్స్ ల్యాండ్ చూశాం. 12 ఎకరాలు, 2012లో తెరిచారు. సాయంత్రం నియాన్ దీపాలు వెలిగే వేళకి వీధి చివర నిలబడి చూస్తే ఎదురుగా ఎర్రరాతి కొండలు. మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. రైడ్ ఎక్కకుండానే పొందిన ఆనందం అది.

అక్కడ పెద్ద రైడ్ రేడియేటర్ స్ప్రింగ్స్ రేసర్స్. ముందు లోపల మెల్లగా కథ, ఆ తర్వాత బయటికొచ్చి పక్క కారుతో పందెం, గంటకు 40 మైళ్ల దాకా వేగం. దారి నున్నగా ఉంటుంది, కుదుపు ఉండదు. మా మామగారు 68 ఏళ్ల వయసులో ఎక్కి దిగి, ఇంకోసారి పోదామన్నారు.

గోదారి_పడవ గారూ, చిన్నపిల్లల రైడ్ గురించి మీరన్నదాని మీద ఒక చిన్న సందేహం. కార్స్ ల్యాండ్‌లో ఇంకో రెండు చిన్న రైడ్లున్నాయి. మేటర్ ట్రాక్టర్ల రైడ్ ఒకటి, 2016లో వచ్చిన లూయీజీ కార్ల డ్యాన్స్ ఒకటి. రెండోదాన్ని పట్టాలు లేకుండా కార్లు వాటంతటవే నాట్యం చేసేలా చేశారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ రెండింటికీ 32 అంగుళాల హద్దు ఉంది. ‘చిన్నపిల్లలది’ అన్నంత మాత్రాన అందరూ ఎక్కేది అనుకోలేం.

కడప_కోడలు · 10 జనవరి, మధ్యాహ్నం 12:31

ఈ ముక్క చెప్పినందుకు థ్యాంక్స్ అన్నా. నాకు ఇద్దరు పిల్లలు, ఒకడికి ఆరేళ్లు, చిన్నదానికి ఏడాదిన్నర. న్యూజెర్సీ నుంచి రెండేళ్లకోసారి వెళ్తాం, ప్రతిసారీ అత్తమ్మనో అమ్మనో తీసుకునే వెళ్తాం.

ఎత్తు కొలిచే కర్ర దగ్గర ప్రతిసారీ కుటుంబం రెండు ముక్కలవుతుంది. రైడర్ స్విచ్ మంచి సదుపాయమే, కాదనను. ఒకరు పిల్లతో బయట ఉంటే ఇంకొకరు ఎక్కి వస్తారు, తర్వాత మొదటివాళ్లు మళ్లీ క్యూలో నిలబడక్కర్లేకుండా ఎక్కుతారు. కానీ నలుగురం ఒకే బండిలో కూర్చుని ఒకేసారి "అబ్బా" అనుకునే సుఖం అందులో రాదు.

నాకు కావాల్సింది ఎత్తు హద్దే లేని పెద్ద రైడ్. చిన్నది కాదు, పెద్దది. ఓర్లాండోలోనే ఇంకో డిస్నీ పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లో 2020లో వచ్చిన మిక్కీ, మిన్నీల రైలు అలాంటిదే. మరో పార్కు ఎప్‌కాట్‌లో 2021లో వచ్చిన రెమీ ఎలుక రైడూ అంతే. ఒళ్లో పాపని కూర్చోబెట్టుకుని ఎక్కాను, పక్కన అత్తమ్మ. పట్టాల్లేని బండ్లు, ఒక్కోటి ఒక్కో దారిన పోతుంది. దిగాక ఎవరేం చూశారో గంటసేపు మాట్లాడుకున్నాం. కార్స్ రెండో రైడ్ ఆ స్థాయిలో ఉండాలని నా కోరిక. అంచనా అనడం లేదు, కోరిక అనే అంటున్నా.

పునాది_రాయి · 10 జనవరి, సాయంత్రం 6:48

నేను సివిల్ ఇంజనీర్‌ని, ఓర్లాండోలోనే పని, వాననీటి పారుదల నా రంగం. డిస్నీకి పనిచేయలేదు. అందరికీ అందుబాటులో ఉండే పర్మిట్ కాగితాలు చదవడం అలవాటు, అంతే.

చాలామంది "అంత భూమి ఉంది కదా, నదినే ఎందుకు పూడ్చాలి" అని అడుగుతున్నారు. డిస్నీ వరల్డ్ మొత్తం 43 చదరపు మైళ్లు. మ్యాప్‌లో చూస్తే ఖాళీ ఎంతో కనిపిస్తుంది. కానీ అందులో చాలాభాగం చిత్తడి నేల. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లు. మ్యాజిక్ కింగ్‌డమ్ కట్టినప్పుడు కూడా ముందున్న సరస్సు తవ్వి, ఆ మట్టితో నేల ఎత్తు చేశారు. మనం నడిచే వీధి నిజానికి పైఅంతస్తు, కింద పనివాళ్లు తిరిగే సొరంగాలున్నాయి. నేల కిందకి తవ్వలేక పైకి కట్టుకున్న సొరంగాలు అవి.

చిత్తడి నేలను ముట్టుకుంటే దానికి బదులు ఇంకోచోట చిత్తడి నేలను కాపాడాలి. కొత్తగా సిమెంటు పరిచిన ప్రతి చోటా కురిసే వాన ఎక్కడ ఆగుతుంది, ఎలా శుభ్రపడుతుంది అన్నది సౌత్ ఫ్లోరిడా వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌కి లెక్క చూపించాలి. అభిమానులు ముందుగా పట్టుకునే బొమ్మలన్నీ ఆ దరఖాస్తుల్లోనివే. వాటిలో రైడ్ పేరుండదు, భవనాల గీతలు, నీటి గీతలు మాత్రం ఉంటాయి. ఆ గీతలు చూసి ‘ఇది కోస్టర్, ఇది డార్క్ రైడ్ (చీకటి భవనం లోపల దృశ్యాల మధ్య పోయేది)’ అని ఘంటాపథంగా చెప్పేవాళ్లని నమ్మకండి. పెద్ద పెట్టె లాంటి భవనం కనిపిస్తే లోపల ఏదైనా ఉండొచ్చు.

నది ఉన్న చోటుకి ఇంకో సుగుణముంది. అది పార్కు నడిబొడ్డు. జనం వెళ్లే దారులు దాని చుట్టూ ముందే ఉన్నాయి. 2023లో ఈ ఒక్క పార్కుకి కోటీ 77 లక్షల మంది వచ్చినట్టు థీమ్ పార్కుల రంగం సంఘం టీఈఏ అంచనా. అంతమందిని ఒక చివరకి తోసి మళ్లీ వెనక్కి రప్పించడం కన్నా మధ్యలో చోటు కల్పించడం మేలని అనుకుని ఉంటారు. ఇంజనీరుగా నాకు అర్థమవుతుంది. ఆ నది ఒడ్డున మా పాపకి నడక నేర్పిన తండ్రిగా మాత్రం మనసు ఒప్పుకోలేదు.

ఫ్రిస్కో_నాన్న · 10 జనవరి, రాత్రి 9:15

అందరి బాధా అర్థం చేసుకుంటూనే నా మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. మేం 2022లో వెళ్లినప్పుడు ఆ పడవలో సగం కూడా జనం లేరు. టామ్ సాయర్ ద్వీపానికి తెప్ప దాటి వెళ్తే గుహలు, చెక్క వంతెన, ఇంకేం లేవు. మా పిల్లలు పది నిమిషాల్లో పోదాం పదమన్నారు. ఆ రోజు బిగ్ థండర్‌కి గంటంపావు నిలబడ్డాం. అంత పెద్ద చోటులో జనం కోరే రైడ్లు వస్తే మిగతా క్యూలు తగ్గుతాయి కదా? వేలకి వేలు పెట్టి డల్లాస్ నుంచి కుటుంబంతో వచ్చేవాళ్లకి అది చిన్న విషయం కాదు.

గోదారి_పడవ · 10 జనవరి, రాత్రి 9:52

అన్నా, తప్పుగా ఏం అనుకోను. మీ పిల్లలకి నచ్చలేదంటే నచ్చలేదు. కానీ పడవ సగం ఖాళీగా ఉండటమే మాకు దాని విలువ. జూలై ఎండలో, మూడు గంటలు నడిచాక, మోకాళ్లు పట్టేసిన మనిషికి పదిహేను ఇరవై నిమిషాలు గాలి తగిలేలా కూర్చునే చోటు దొరికింది. క్యూ లేదు, ఎత్తు కర్ర లేదు. బల్ల మీద కూర్చుని అమ్మ డబ్బాలోంచి పులిహోర తీసింది. అలాంటి చోటు పోతే ఆ లోటు క్యూ తగ్గినంత మాత్రాన తీరదు.

ఫ్రిస్కో_నాన్న · 10 జనవరి, రాత్రి 10:03

అది ఒప్పుకుంటాను. మా వాళ్లు వచ్చేది ఈ ఏడాదే మొదటిసారి. అమ్మకి ఏం చూపించాలో ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

నీలిమబ్బు · 11 జనవరి, ఉదయం 10:20

అందరూ కార్స్ గురించే మాట్లాడుతున్నారు. నాకు విలన్స్ ల్యాండ్ ప్రాణం! గెయిన్స్‌విల్‌లో చదువుతున్నాను, అది తెరిచే రోజు తెల్లవారుజామునే గేటు దగ్గర ఉంటాను.

మన నాటకాల్లో చూడండి. ఊళ్లో సంబరమైనా, ఇక్కడ తెలుగు సంఘం వేడుకైనా, స్టేజీ మీద ఎవరో ఒకరు దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేస్తారు. ధర్మరాజు వేషం కడతానని ముందుకొచ్చినవాళ్లని నేను చూడలేదు. గద భుజాన పెట్టుకుని మీసం మెలేసి నడిచొస్తుంటే చప్పట్లే చప్పట్లు. తనవైపు కథ తాను చెప్పుకుంటాడు, మనం తప్పని తెలిసీ వింటాం. విలన్స్ ల్యాండ్‌లో నాకు కావాల్సింది అదే. హీరో వచ్చి ఓడించే కథ వద్దు. వాళ్ల రాజ్యంలోకి మనం అతిథులుగా వెళ్లాలి.

నా అంచనా: రెండింటిలో ఒకటి పెద్ద పడవ డార్క్ రైడ్. 2016లో తెరిచిన షాంఘై పార్కులో పైరేట్స్ రైడ్ ఉంది. అందులో పడవ నీటి వాలుకి కొట్టుకుపోదు, అయస్కాంతాలతో నడిపిస్తారు. ఆపగలరు, పక్కకి తిప్పగలరు, వెనక్కి కూడా నడపగలరు. చుట్టూ భారీ తెరలు, వాటి ముందు నిజమైన సెట్లు. ఆ పద్ధతి ఇంతవరకు అమెరికా పార్కుల్లోకి రాలేదు. సముద్రం అడుగున మంత్రగత్తె, అక్కణ్నుంచి ముళ్లకోట, అక్కణ్నుంచి పాతాళం... ఒక్కో దృశ్యంలో పడవ ఆగి, విలన్ మనవైపు తిరిగి మాట్లాడాలి. ఊహిస్తుంటేనే ఒళ్లు పులకరిస్తోంది. పైగా అందులో కుదుపులు తక్కువ కాబట్టి గోదారి_పడవ గారి నాన్నగారు కూడా ఎక్కొచ్చు. మళ్లీ పడవే!

గోదారి_పడవ · 11 జనవరి, ఉదయం 10:41

చెల్లీ, నీ నోటి మాట నిజం కావాలి.

హైదరాబాద్_రైడర్ · 11 జనవరి, ఉదయం 11:30 (భారత కాలమానం రాత్రి 10:00)

నేను హైదరాబాద్ నుంచి. డిస్నీకి ఇంకా రాలేదు, వచ్చే ఏడాది అక్క దగ్గరికి వచ్చినప్పుడు ప్లాన్. నాకు కోస్టర్ల మీద ఇష్టం 2016లో మన రావిర్యాల వండర్‌లా తెరిచినప్పుడు మొదలైంది. అక్కడి రీకాయిల్‌లో మనల్ని వెనక్కి లాక్కెళ్లి వదులుతారు. బండి స్టేషన్ గుండా దూసుకెళ్లి, మెలికలు తిరిగి అవతలి కొండ ఎక్కుతుంది. అక్కణ్నుంచి మళ్లీ అదే దారిలో వెనక్కి. మొదటిసారి దిగాక కాళ్లు వణికాయి, వెంటనే మళ్లీ క్యూలో నిలబడ్డాను.

మొన్న డిసెంబరులో చెన్నై వండర్‌లా తెరిచారు కదా, వెళ్లి తంజోరా ఎక్కాను. స్విట్జర్లాండ్ బొలీగర్ అండ్ మాబియార్ కంపెనీ చేసిన ఇన్వర్టెడ్ కోస్టర్, మన దేశంలో ఆ కంపెనీ ఇన్వర్టెడ్ కోస్టర్ ఇదే మొదటిది. పట్టా నెత్తి మీద, కాళ్లు గాల్లో. చాలా బావుంది.

నా ప్రశ్న: విలన్స్ ల్యాండ్‌లో ఇలా వేలాడే కోస్టర్ పెడితే ఎలా ఉంటుంది? గద్ద గోళ్లలో చిక్కుకుని పోతున్నట్టు.

పట్టాల_పిచ్చి · 11 జనవరి, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, గద్ద ఆలోచన అద్భుతం. కానీ అది ఇక్కడ రాదనుకుంటున్నా, ఎందుకంటే ఆ చీటీ ఇంకో పార్కు తీసేసుకుంది. హాలీవుడ్ స్టూడియోస్‌లో ‘మాన్‌స్టర్స్, ఇంక్.’ సినిమా ప్రాంతం కడుతున్నారు. 2025 జూన్ 7న మప్పెట్‌విజన్ అనే 3డీ బొమ్మల షోని మూసింది దానికోసమే. అందులో తలుపుల గిడ్డంగి గుండా పోయే కోస్టర్ ఉంది. డిస్నీ పార్కుల్లో ఇదే మొదటి సస్పెండెడ్ కోస్టర్ అని వాళ్లే చెప్పారు, నిట్టనిలువుగా పైకెత్తే లిఫ్ట్ కూడా ఉందట. పది మైళ్ల లోపే ఇంకో పార్కులో ఇంకో వేలాడేది పెట్టరు.

ఇన్వర్టెడ్, సస్పెండెడ్ రెండింటికీ తేడా తెలుసుకో. తంజోరాలో సీటు పట్టాకి గట్టిగా బిగించి ఉంటుంది, అందుకే తలకిందులు చేయగలరు. పాత రకం సస్పెండెడ్‌లో బండి ఉయ్యాలలా పక్కలకి ఊగుతుంది, తలకిందులు చేయలేరు. డిస్నీ ఏ అర్థంలో వాడిందో రైడ్ తెరిచాక చూద్దాం.

ఇంకో సంగతి. రావిర్యాల రీకాయిల్ చేసింది నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా. ఇక్కడ 2023 ఏప్రిల్‌లో తెరిచిన ట్రాన్, ఎప్‌కాట్‌లో 2022లో వచ్చిన కాస్మిక్ రివైండ్, యానిమల్ కింగ్‌డమ్‌లో 2006 నాటి ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, అన్నీ ఆ కంపెనీవే. నువ్వు రావిర్యాలలో వెనక్కి పడ్డప్పుడు కలిగిన భయాన్నే ఎవరెస్ట్‌లో కొండ లోపల చీకట్లో, కాస్మిక్ రివైండ్‌లో వెనక్కి దూసుకెళ్లే లాంచ్‌తో వాడుకున్నారు.

విలన్స్ కోస్టర్ గురించి నా అంచనా: డిస్నీ చూపించిన బొమ్మలో ముళ్లలాంటి కొండ, దాని మీద కోట ఉన్నాయి. కొండ ఉందంటే లోపల పట్టా ఉందని నా మనసు చెప్తోంది. వెకోమా లాంచ్ కోస్టర్, సగం లోపల, ఎక్కడో ఒకచోట విలన్ మనల్ని పట్టుకుని వెనక్కి విసిరేయడం. పందెం కాయమంటే దీని మీదే కాస్తాను.

కడప_కోడలు · 11 జనవరి, మధ్యాహ్నం 2:02

తమ్ముడూ, నువ్వు ఎంత ఇష్టంగా రాస్తావో! చదువుతుంటే నాకూ ఎక్కాలనిపిస్తుంది. కానీ ఒక్క లెక్క చెప్పు. ఈ ఒక్క పార్కులో ఇప్పటికే ఎన్ని కోస్టర్లున్నాయి? 1975 నాటి స్పేస్ మౌంటెన్‌కి 44 అంగుళాలు. ట్రాన్‌కి 48. ఏడుగురు మరుగుజ్జుల గని రైలుకి 38. చిన్న బార్న్‌స్టార్మర్‌కి కూడా 35. బిగ్ థండర్ ఐదోది, అది మరమ్మతులో ఉంది. ఐదు కోస్టర్లున్న పార్కుకి ఆరోది ఎందుకు? ఎత్తు హద్దు లేని పెద్ద కొత్త రైడ్ ఈ పార్కులో చివరగా వచ్చి ఎన్నేళ్లయిందో ఎవరైనా ఆలోచించారా? టియానా రైడ్‌ని 2024లో తెరిచారు, పాటలు బ్రహ్మాండం, దానికీ 40 అంగుళాలే.

పట్టాల_పిచ్చి · 11 జనవరి, మధ్యాహ్నం 2:30

అక్కా, ఈ లెక్కకి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే మీరన్నదే సబబు. ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ల ఎపిక్ యూనివర్స్ పార్కు 2025 మేలో తెరిచాక అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు. అక్కడి స్టార్‌డస్ట్ రేసర్స్ గంటకు 62 మైళ్లు, నేను ఎక్కాను, అంత బావున్న కోస్టర్ ఈమధ్య చూడలేదు. కానీ ఆ పందెంలో దిగాల్సిన అవసరం మ్యాజిక్ కింగ్‌డమ్‌కి లేదు. మూడు తరాలు కలిసి వచ్చే పార్కు ఇది. నీలిమబ్బు చెప్పిన పడవ రైడ్ ముందు కట్టి, కోస్టర్ తర్వాత కట్టినా నాకు బాధ లేదు.

వేదిక_నిర్వాహకులు · 11 జనవరి, సాయంత్రం 4:10

చర్చ చాలా బావుంది. ఒక సందేశం తొలగించాం. "లోపల పనిచేసే ఫ్రెండ్ చెప్పాడు" అంటూ రైడ్ పేర్లు రాశారు. ఒకరి ఉద్యోగానికి ముప్పు తెచ్చే మాటలు ఇక్కడ వద్దు. అంచనాని అంచనా అనే రాయండి, డిస్నీ ప్రకటించినదాన్ని ప్రకటించినట్టే రాయండి.

పునాది_రాయి · 11 జనవరి, రాత్రి 7:35

వాన సంగతి ఎవరూ ఎత్తలేదు. వైజాగ్_అల గారు చెప్పిన రేడియేటర్ స్ప్రింగ్స్ దక్షిణ కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ వేసవిలో చినుకు పడటమే అరుదు. మాకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు. దగ్గర్లో మెరుపు కనిపిస్తే ఆరుబయట రైడ్లన్నీ ఆపేస్తారు. ఆపాలి కూడా. ట్రాన్‌కి బయటి భాగం మీద పెద్ద పందిరి వేశారు చూడండి, దాని అందం ఒక ఎత్తు, వానకి అడ్డు ఒక ఎత్తు.

ఆఫ్-రోడ్ రైడ్ పూర్తిగా బయటే ఉంటే జూలైలో మూడు గంటలకి క్యూలో నిలబడ్డవాళ్ల పని ఏమిటి? అందుకే ఎక్కువ భాగం బయట ఉన్నా, కొండల లోపలికి దూరే సొరంగాలు, వాన వస్తే బండ్లని లోపలికి చేర్చుకునే ఏర్పాటు ఉంటాయని నా ఊహ. రెండో రైడ్ మాత్రం పూర్తిగా కప్పు కింద ఉండాలి. చిన్నపిల్లలతో, ముసలివాళ్లతో ఉన్న కుటుంబాలు వాన వచ్చినప్పుడు పరుగెత్తేది అలాంటి చోటుకే.

సమయం గురించి కూడా ఒక మాట. ట్రాన్‌ని 2017 జూలైలో ప్రకటించారు, 2023 ఏప్రిల్‌లో తెరిచారు. మధ్యలో కోవిడ్ ఉంది, సరే. గని రైలు ఉన్న కొత్త ఫాంటసీల్యాండ్‌ని 2009లో ప్రకటిస్తే రైలు 2014 మేలో వచ్చింది. ఐదేళ్లు. ఆ లెక్కన కార్స్ ప్రాంతం 2029కి ముందు వస్తుందని నేను అనుకోను. విలన్స్ ఆ తర్వాతే. ఇది నా అంచనా మాత్రమే. పిల్లల వయసు చూసుకుని ప్లాన్ చేసుకునేవాళ్లకి పనికొస్తుందని రాశాను.

కడప_కోడలు · 11 జనవరి, రాత్రి 8:11

2029 అంటే నా చిన్నదానికి ఐదేళ్లు. 40 అంగుళాలు దాటేస్తుంది! అప్పుడు ఎత్తు సమస్య దానికి ఉండదు, అత్తమ్మకి 75 వస్తాయి. సమస్య ఆమెది అవుతుంది. ఇన్నాళ్లూ పిల్లల ఎత్తు గురించే ఆలోచించాను, ఈ వైపు ఆలోచించలేదు.

వైజాగ్_అల · 11 జనవరి, రాత్రి 8:47

అందుకే నేను రైడ్ల కన్నా ప్రాంతం ఎలా కడతారన్నదే ఎక్కువగా చూస్తున్నాను. డిస్నీ చూపించిన బొమ్మల్లో జలపాతాలు, వేడినీటి ఊటలు, దేవదారు చెట్లు, అమెరికా జాతీయ పార్కుల్లోని పాత చెక్క అతిథిగృహం లాంటి భవనం ఉన్నాయి. పార్కులో పక్కనే ఉన్న లిబర్టీ స్క్వేర్ ప్రాంతం వైపు నుంచి చూస్తే కార్లు కనబడకుండా చెట్లు, కొండలు అడ్డు పెడతామనీ చెప్పారు. పిల్లలు తిరిగే కాలిబాటలు కూడా ఉంటాయట. నీళ్లు పూర్తిగా పోవడం లేదు, రూపం మారుతోంది. ఆ నీటి పక్కన నీడలో బెంచీలు ఎన్ని వేస్తారన్నది నాకు ఆఫ్-రోడ్ బండి ఎంతమందిని ఎక్కించుకుంటుందన్నంత ముఖ్యం.

గోదారి_పడవ · 14 జనవరి, ఉదయం 7:30

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. రాత్రి నాన్నతో వీడియో కాల్ మాట్లాడాను, అక్కడ తెల్లారి భోగిమంట ఆరి పండగ ముగ్గులేస్తున్నారు. ఈ చర్చంతా చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నారు. నీలిమబ్బు చెప్పిన దుర్యోధనుడి మాటకి బాగా నవ్వారు, ఆయన కాలేజీ రోజుల్లో ఆ వేషం వేశారట, నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఫోన్లోనే రెండు పద్యాలు పాడి వినిపించారు.

చివర్లో ఆయన అడిగింది రాస్తున్నాను. "రైడ్ ఏదైనా కట్టనీ. మీరు ఎక్కి తిరుగుతుంటే మేం కూర్చుని మిమ్మల్ని చూసే చోటు ఉంటుందా? పడవలో నుంచి ఆ గుట్ట మీద రైలు పోతుంటే పిల్లలు కేకలేసేవాళ్లు, కనబడేది." గుట్ట అంటే బిగ్ థండర్. నిజమే, నది మీద నుంచి బిగ్ థండర్ మొత్తం కనబడేది.

పునాది_రాయి · 14 జనవరి, ఉదయం 9:02

మీ నాన్నగారి ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఒకటుంది. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు. మైలున్నర దారి, ఎత్తు హద్దు లేదు, బెంచీల్లాంటి సీట్లు, గాలి బాగా వస్తుంది. ఫ్రాంటియర్‌ల్యాండ్ నుంచి ఫాంటసీల్యాండ్ వెళ్లే దారిలో పట్టా నదికి ఉత్తరం ఒడ్డు వెంబడి పోయేది. కొత్త ప్రాంతాలు రెండూ దానికి అటూ ఇటూ పడతాయని నా అంచనా. అలా అయితే రైల్లో కూర్చున్నవాళ్లకి ఒకవైపు కార్లు, ఒకవైపు విలన్ల కోట కనబడే అవకాశముంది. కట్టేవాళ్లు ఆ పని చేస్తే, ఎక్కలేనివాళ్లకి అంతకన్నా మంచి రైడ్ ఉండదు.

భయం ఒకటుంది. ట్రాన్ కట్టేటప్పుడు పట్టా కింద పని ఉందని 2018 డిసెంబరులో రైలు ఆపి, మళ్లీ 2022 డిసెంబరులో నడిపారు. నాలుగేళ్లు! విలన్స్ ల్యాండ్‌కి జనం పట్టా దాటి వెళ్లాల్సి వస్తే ఇక్కడా వంతెనో సొరంగమో కట్టాలి. ఈసారి అంతకాలం ఆపకుండా చూడాలని కోరుకుంటున్నాను.

హైదరాబాద్_రైడర్ · 14 జనవరి, ఉదయం 9:40

రైల్లోంచి విలన్ కోట! ఇది ఎవరూ అనుకోని అంచనా. నా లిస్టులో రాసుకున్నాను.

పట్టాల_పిచ్చి · 14 జనవరి, ఉదయం 11:18

వేరే విషయం. యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోసార్‌కి ఫిబ్రవరి 1 ఆఖరి రోజు. 2027లో అదే భవనంలో, అదే దారి మీద ఇండియానా జోన్స్ రైడ్ వస్తుంది. ఆఫ్-రోడ్ బండి ఎలా ఉంటుందని నేను పైన రాశానో, దాని తాతని ఇక్కడ చూడగలిగేది ఇంకో రెండున్నర వారాలే. నేను డల్లాస్ నుంచి ఆ శనివారం దిగుతున్నాను. ఇంకెవరైనా వస్తున్నారా?

నీలిమబ్బు · 14 జనవరి, ఉదయం 11:25

నేను, నా రూమ్మేట్. ఆదివారం గేటు తెరిచే వేళకి అక్కడుంటాం.

గోదారి_పడవ · 14 జనవరి, మధ్యాహ్నం 12:06

మేం నలుగురం వస్తాం. బాబు మొన్న పుట్టినరోజుకి 41 అంగుళాలు తేలాడు, వాడికి ఇదే మొదటిసారీ చివరిసారీ. అరిసెలు, సున్నుండలు కారులో పెట్టుకొస్తాను. దిగాక పార్కింగులో కలుద్దాం. పునాది_రాయి గారూ, మీరు ఊళ్లోనే కదా, పాపని కూడా తీసుకురండి.